పదిహేడు సిలువ గుర్తులు

మా పెద్దనాయన గొంతు తీసెయ్యడానికి డాక్టర్లు ఇరవై రెండు రోజుల గడువు పెట్టారు. గొంతులో గడ్డ. హైదరాబాదులో పెద్ద దవాఖానలో డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఈ మాటపెట్టె తీసేస్తే మనిషి బతుకుతాడు, మాట మాత్రం ఇక రాదు అన్నాడు. పెద్దనాయన ఆ బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు. జహీరాబాదుకు తిరిగి వస్తున్న బస్సులో, సదాశివపేట దాటాక, అప్పటికే బొంగురుపోయిన గొంతుతో నా చెవి దగ్గర అన్నాడు.

"అబ్బాయ్, నా దగ్గర ఒక దారి ఉంది. మాట పోయేలోపు రాసిపెడతావా?"

"ఏం దారి పెద్దనాయనా?"

"సముద్రం మీద దారి. కాకినాడ నుంచి బందరు దాకా. మా నాన్న నాకిచ్చాడు. ఆయనకి వాళ్ల నాన్న. నేనే ఎవరికీ ఇవ్వలేదు. అది మళ్లీ ఒడ్డుకి చేరాలి."

నేను నవ్వాను. "గిప్పుడు ఫోన్లనే దారి కనబడుతది కద."

"ఫోన్‌కి తెలుసు. ఒక్క మనిషికైనా తెలియాలి కదరా."

పెద్దనాయన అంటే మా అమ్మకు అక్క మొగుడు. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఝరాసంగం దగ్గర ఒక బడిలో పంతులును. మా సంఘానికి కార్యదర్శిని కూడా. ఇరవై ఏళ్లుగా మా మందిరంలో జరిగిన బాప్తిస్మాలు, పెండ్లిళ్లు, సమాధులు అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. పెద్దనాయనకు సంతకం తప్ప రాయడం రాదు. రాత పని పడితే ఎవరైనా నా దగ్గరికే వస్తారు. ఆయనా అలాగే వచ్చాడు.

మా ఊరికి సముద్రం లేఖనంలోనే ఉంది. మేమెరిగింది ఎర్ర నేల, కంది చేలు, బొంబాయి రోడ్డు మీద లారీలు. శిష్యులు భయపడి ప్రభువును నిద్ర లేపిన పడవ, ప్రవక్త దాక్కున్న ఓడ, బందీగా రోమాకు పోతున్న అపొస్తలుని ఓడ, వీటిని ప్రసంగాల్లో విన్నాం. ఒక ఆదివారం ఆ అపొస్తలుని తుపాను అధ్యాయం నేనే చదువుతున్నాను. నావికులు గుండు వేసి నీటి లోతు బారల్లో కొలిచే చోటికి వచ్చేసరికి వెనక బెంచీ మీద నుంచి పెద్దనాయన గొంతు వినిపించింది.

"పదిహేను బారలకొస్తే ఇంక లంగరు దించెయ్యడమే."

సంఘమంతా వెనక్కి తిరిగింది. తరువాతి మాటలో వాళ్లు లంగర్లు దించారు. ఆ రోజు పాదిరిగారు కూడా నవ్వారు.

ఆయన పుట్టింది తాళ్లరేవు పక్కన, కొయ్య ఓడలు కట్టే ఊళ్లో. చెక్కల సందుల్లో దూది కూరి, గుగ్గిలం మరిగించి పూసేవాళ్లని చెప్పేవాడు. తన తాత కాలంలో ఆ ఓడలు బియ్యంతో రంగూన్ పోయి టేకు మొద్దులతో తిరిగి వచ్చేవట. తండ్రి కాలానికి ఒడ్డు వెంబడి ప్రయాణాలే మిగిలాయి. ఉప్పు, పెంకులు, వడ్లు. తండ్రి సరంగు, అంటే ఓడ నడిపే పెద్ద. తరువాత ఈయన సరంగు అయ్యాడు. పటం లేదు, రేడియో లేదు. తుపాన్ల నెలల్లో ఓడను ఏట్లోకి లాగి కట్టేసి, తెరచాపలు విప్పుకుని కుట్టుకునేవాళ్లు. ఆయన చేతికి ఆ కుట్టు చిన్నప్పుడే వచ్చింది.

తరువాత ఇంజను పడవలు వచ్చాయి. వాటి వెనకే లారీలు. సరుకంతా రోడ్డెక్కింది. వాళ్ల ఓడ మడచెట్ల మధ్య బురదలో కూలబడిపోయింది. దాని చెక్కలు ఒక్కొక్కటే పొయ్యిల్లోకి పోయాయి. ఈయన బతుకుతెరువు కోసం ఒక లారీ ఎక్కి బొంబాయికి బయలుదేరాడు. జహీరాబాదులో లారీ టార్పాలిన్ చిరిగింది. రోడ్డు పక్క దుకాణంలో కుట్టేవాడు లేకపోతే తనే దిగి కుట్టిపెట్టాడు. ఆ దుకాణంలోనే నలభై ఎనిమిదేళ్లు ఉండిపోయాడు.

"ఓడని తినేసింది లారీ. ఆ లారీకే నేను చీర కుడుతున్నాను," అనేవాడు.

డ్రైవర్లు ఆయన్ని ఆటపట్టించేవాళ్లు. "ఏం సరంగు సాబ్, నువ్వు కుట్టిన తాడ్పత్రి కట్టుకుంటే మా లారీ నీళ్లల్ల తేలుతదా?" అని ఒకడు అడిగితే, "నువ్వు తాగి తోలకపోతే రోడ్డు మీదైనా తేలుతుంది, పో," అన్నాడు ఒకసారి. ఆ డ్రైవరే ఏడాదికి రెండుసార్లు బీదర్ నుంచి ఆయన కోసం తమలపాకులు తెచ్చేవాడు.

పెద్దమ్మను చేసుకోవాలంటే బాప్తిస్మం తీసుకోవాలన్నాడు మా తాత. తాత ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. బాప్తిస్మానికి ముందు తాత ఆయన చేత ఒక మాట తీసుకున్నాడు. ఓడల మీద పాడే గంగమ్మ పాటలు ఇక నోట రాకూడదని. ఆయన ఒప్పుకున్నాడు, ఆ మాట తప్పలేదు. పాట మాటలు మళ్లీ ఎవరూ వినలేదు. కూనిరాగం మాత్రం పోలేదు. అరచేతికి తోలు కట్టుకుని, పెద్ద సూదితో టార్పాలిన్ అంచు ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఒకే రాగం ముక్కుతో తీస్తూ రెండో కొసకు వచ్చేవాడు. అంచు అయిపోయేసరికి రాగమూ అయిపోయేది. ముడి వేసేవాడు. ఇంట్లో ఆ రాగం మొదలైతే పెద్దమ్మ గొంతు సవరించేది. ఆయన ఆపేసేవాడు. వాళ్ల సంసారంలో పోట్లాట అంటే అంతే.

బస్సు దిగిన మరునాడే పొడుగు నోటుబుక్కు కొన్నాను. రోజూ బడి విడిచాక షేర్ ఆటోలో నేరుగా దుకాణానికి పోయి, వెనక బల్ల మీద కూర్చునేవాణ్ణి. చెప్పడం ఆయనకు నొప్పి. నాలుగు మాటలకొకసారి నీళ్లు గుటక వేసి, మింగలేక తల పక్కకు వంచేవాడు. అయినా ఆయన కళ్లలో అంతటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

"రాసుకో. రేవు దాటాక కుడి చేతి పక్క మడ అడవి. దాని కొస వెనకబడనియ్యి. దీపస్తంభం తాటితోపు నెత్తి మీదకొచ్చి నిలబడాలి. నిలబడిందా, అప్పుడు ఒడ్డుకి దూరంగా మళ్లు. నీరు పచ్చగా ఉన్నంతసేపు భయం లేదు. ఎర్రబడితే గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరికొచ్చినట్టు. సీసం గుండుకి కొవ్వు రాసి వెయ్యి. పైకి లాగితే ఇసక అంటుకునుంటే బయటికి జరుగు. నల్ల బురద అంటుకునుంటే వాసన చూడు. కుళ్లిన ఆకు వాసన వస్తే నువ్వు సరైన చోటే ఉన్నావు."

నేను రాశాను. ఎర్ర నేల మీద కూర్చుని సముద్రపు అడుగు వాసన రాయడం నాకు ప్రార్థనలా అనిపించింది.

"అక్కడి నుంచి పాట," అని ఆయన కళ్లు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. "గంగమ్మ తల్లీ" అన్న రెండు మాటలు బొంగురుగా బయటకు వచ్చాయి. నలభై ఏళ్లకు పైగా లోపలే పెట్టుకున్న మాటలు.

నేను కలం ఎత్తేశాను.

"గది వద్దు పెద్దనాయనా. దారి చెప్పు, చాలు."

"ఇదీ దారిలోదే."

"మొక్కులు నేను రాయ. సంఘం రిజిస్టర్లు రాసే చెయ్యి ఇది."

"మొక్కు కొంచెమేరా అందులో. మిగతాదంతా…"

"జరంత పులిపిండి చాలు, ముద్దంత పులుస్తది. వాక్యం నీకు తెల్వదా?"

ఆయన నా కలం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను మా తాత మనుమణ్ణి. ఆయన మాట ఇచ్చింది మా తాతకు. "సంఘానికిచ్చిన మాట," అన్నాడు మెల్లగా. నోటుబుక్కు మీద వేలు పెట్టి అడిగాడు. "మరి అక్కడేం రాస్తావు? ఖాళీ వదిలేస్తే చదివేవాడు ఏమీ లేదనుకుంటాడు."

"సిలువ గుర్తు పెడ్త."

"పెట్టు," అన్నాడు.

పెట్టాను. చిన్నగా, తీరుగా. మంచి పని చేశాననుకున్నాను. ఆ రాత్రి దేవునికి కృతజ్ఞత కూడా చెప్పాను.

తరువాత ఆయన పాట ఊసెత్తలేదు. దారిలో ఒక్కో చోటికి వచ్చేసరికి "ఇక్కడ" అని ఆగేవాడు. నేను సిలువ వేసేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఊరకుండేవాడు. గొంతు నొప్పి అనుకుని నీళ్ల గ్లాసు అందించేవాణ్ణి. ఆయన చేత్తో వద్దని సైగ చేసి, ఇంకా కొంతసేపు అలాగే ఉండి, కళ్లు తెరిచి తరువాతి గురుతు చెప్పేవాడు. ఫోను నా జేబులోనే ఉంది. ఆయన గొంతును దాంట్లో పట్టిపెట్టాలని నాకు తోచలేదు. రాతనే నమ్మిన ఇంట్లో పుట్టాను. రాసి ఉన్నదే నిలుస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాను.

బందరు రేవు చేరేసరికి నలభై ఒక్క పేజీలు అయ్యాయి. సిలువలు పదిహేడు.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం సంఘం ఆయన కోసం ప్రార్థన చేసింది. సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, "అందరికీ వందనాలండి," అని కూర్చున్నాడు. మేం విన్న ఆఖరి మాట అది. ఆపరేషన్ బాగానే జరిగింది. మెడకు ముందు రంధ్రం, దాని మీద తడిగుడ్డ. ఇంటికి వచ్చాక దుకాణానికి పోలేకపోయాడు. పెద్దమ్మ మంచం పక్కన సూది, దారం, అరచేతి తోలు పెట్టింది, చేతికి ఏదో పని ఉండాలని.

ఆ దారిని ఒడ్డుకు చేర్చడం నా వంతు. ఆయనకు తాళ్లరేవు వైపు మనుషులు ఉన్నారో లేదో తెలియదు. మతం మారాడన్న కోపంతో వాళ్లు ఎప్పుడో తెంచుకున్నారు. చదువు రాని మనిషి కాబట్టి ఉత్తరాలూ లేవు. నేను అటువైపు సంఘాల పాదిరులకు ఫోన్లు చేశాను. ఒకరి నుంచి ఒకరికి మాట పోయి, రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం ఫోను వచ్చింది. పెద్దనాయన తమ్ముడు. ఆయనకూ డెబ్బై దాటాయి. నేను మంచం పక్కకు పోయి, ఫోను అందరికీ వినబడేలా పెట్టాను.

"అన్నయ్యా," అన్నాడు అటు నుంచి. "నువ్వు పోయావనుకుని కర్మ కూడా చేసేశాం కదరా."

పెద్దనాయన నవ్వాడు. శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఎగిరి పడింది.

"నవ్వుతున్నడు," అని పెద్దమ్మ చెప్పింది.

మాటలు రావని చెప్పాను. దారి రాసిపెట్టానని చెప్పాను. "చదవండి బాబూ," అన్నాడు ఆ ముసలాయన. "మా మనవలకి వలలు వేసే చోటి దాకానే తెలుసండి. తెరచాప దారి ఎవరి దగ్గరా లేదు."

నేను చదవడం మొదలుపెట్టాను. మడ అడవి, దీపస్తంభం, తాటితోపు, ఎర్ర నీళ్లు, బురద వాసన. ఆయన అటు నుంచి "ఆ, ఆ" అంటున్నాడు. సిలువ గుర్తు దాటి తరువాతి గురుతు మొదలుపెట్టగానే ఆపాడు.

"ఆగండి బాబూ. అక్కడ పాటుండాలి కదండీ?"

"మొక్కు పాట గద. అది రాయలే."

"మొక్కంటే మొదట్లో రెండు మాటలేనండి. పాట కొలతండి అది. బయటికి మళ్లాక ఒడ్డు కనపడదు. ఎంతసేపు పోవాలో ఎలా తెలుస్తుందండి? సరంగు లోపల పాడుకుంటాడు. పాట అయిపోయిన చోట చుక్కాని తిప్పాలి. ముందు తిప్పితే ఇసక దిబ్బెక్కుద్ది, ఆలస్యంగా తిప్పితే సముద్రంలోకి కొట్టుకుపోద్ది. ఒక్కో చోటికి ఒక్కో పాట. పాట లేకపోతే మిగతాదంతా చెట్ల పేర్లేనండి. మరి మీరు అక్కడేం రాశారు?"

నేను నోటుబుక్కు దించాను. పెద్దమ్మ నా చేతిలో నోటుబుక్కు వైపు చూస్తోంది.

"మీకు రావా ఆ పాటలు?" అని అడిగాను.

"నేను ఓడ మీద గిన్నెలు కడిగేవోణ్ణండి. చుక్కాని దగ్గరికి రానిచ్చేవోరు కాదు. రాగం దూరం నుంచి విన్నాను, అంతే. పాట సరంగుదండి."

సరంగు నా ఎదుట మంచం మీద ఉన్నాడు. అంతా విన్నాడు. నా ముఖం చూశాడు. తరువాత పక్కనున్న అరచేతి తోలు తీసి చేతికి తగిలించుకుని, మంచం ఇనుప పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా, సమంగా. నాకేమీ అర్థం కాలేదు. పెద్దమ్మకు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆ రాగం మొదలవగానే గొంతు సవరించిన మనిషి, ఆ దెబ్బల వెంట ముక్కుతో రాగం అందుకుంది. మాటలు లేవు. ఆమెకు మాటలు ఎన్నడూ వినబడలేదు. కానీ రాగం చివరి దాకా ఉంది ఆమె దగ్గర. టార్పాలిన్ అంచు ఒక కొస నుంచి రెండో కొస దాకా.

"అదేనండి," అన్నాడు ఫోనులో ముసలాయన. "కొంచెం నిదానంగా అమ్మా. ఆ. అదే."

పదకొండు నిమిషాలు. ఫోనులో చూసి, మొదటి సిలువ పక్కన రాశాను.

కుట్టు అయ్యేసరికి రాగం అయ్యేదని నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. బల్ల పక్కన నిలబడి వందసార్లు విన్నాను. ఆయన కళ్లు మూసుకుని ఊరకున్నప్పుడల్లా ఏం చేస్తున్నాడో అప్పుడు తెలిసింది. గొంతులో మాట ఉండగానే, నా పక్కనే కూర్చుని, నాకు వినబడకుండా పాడుకున్నాడు.

రెండో పాటకు మళ్లీ కొట్టాడు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. దుకాణంలో ఆయన తీసింది ఎప్పుడూ ఆ ఒక్క రాగమే. కుట్టుకు సరిపోయింది అదొక్కటే. దెబ్బలు కొంతదూరం పోయి తడబడ్డాయి. మొదటికి వచ్చి మళ్లీ కొట్టాడు, మళ్లీ వేరే చోట తడబడ్డాడు. పెదవులు కదిలించాడు. నేను ముఖం దగ్గరికి వంగాను. "తల్లీ" అన్నది ఒక్కటి పోల్చుకున్నాను. మిగతావి నేనెరగని సముద్రపు మాటలు, పళ్లు లేని నోటి కదలికలు. తరువాతి రోజుల్లో రోజూ కూర్చున్నాను. పలక తెచ్చి అక్షరాలు చూపించాను. నాలుగో రోజు ఆయన పలక పక్కన పెట్టి, నా చెయ్యి మీద రెండుసార్లు తట్టాడు. చాల్లే అని. పసిపిల్లవాణ్ణి ఊరడించినట్టు.

ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ వారమే తుపాను అధ్యాయం, దాని తరువాతిదీ తీసి మళ్లీ చదివాను. ఓడ పగిలి, ద్వీపంలో చలికాలం గడిపాక, ఆ అపొస్తలుడు ఇంకో ఓడ ఎక్కుతాడు. ఆ ఓడకు అన్యదేవతల చిహ్నం ఉందని లేఖనమే చెబుతోంది. నేను ఎన్నోసార్లు మందిరంలో పెద్దగా చదివిన మాట అది. అపొస్తలుడు ఆ ఓడ దిగలేదు. గుర్తు గీకెయ్యమనలేదు. దాని మీదే కూర్చుని, తనకు అప్పగించిన చోటికి చేరాడు. నా విశ్వాసం ఏమీ సడలలేదు. రోజూ మోకరిస్తూనే ఉన్నాను. కానీ ఆ పదిహేడు గుర్తులు నేను ప్రభువు కోసం పెట్టానని ఇప్పుడు ఆ ప్రభువు ముందే అనలేను. పాదిరిగారి దగ్గర చెప్పుకున్నాను. "నీ ఉద్దేశం మంచిదే కదా," అన్నారు. అవును, మంచిదే.

పెద్దనాయన ఆ తరువాత ఆరు వారాలు ఉన్నాడు. ఒక మధ్యాహ్నం, పెద్దమ్మ జావ తెచ్చేలోపు పోయాడు. మొగుడంపల్లి రోడ్డు వైపు మా సమాధుల తోటలో ఎర్ర మట్టి తవ్వాం. డ్రైవర్లు వచ్చారు. వాన పడుతుంటే వాళ్లే లారీ మీది టార్పాలిన్ విప్పి గుంట మీద పట్టుకున్నారు. అది ఆయన కుట్టిందే. వృత్తి అన్న గడిలో ఏం రాయాలో రిజిస్టరు ముందు చాలాసేపు ఆలోచించి, సరంగు అని రాశాను.

నోటుబుక్కును తాళ్లరేవుకు పంపించాను. సిలువలు కొట్టెయ్యలేదు. ఏం జరిగిందో మొదటి పేజీలో నా చేతితోనే రాశాను.

నెల దాటాక తమ్ముడు ఫోను చేశాడు. మనవడి పడవకు చిన్న తెరచాప కట్టించి, ఇంజను ఆపించి, ఆ దారిన బయలుదేరారట.

"దీపస్తంభం తాటితోపు మీదకొచ్చిందండి. తోపులో చెట్లు తగ్గాయి గాని ఉందండి. బయటికి మళ్లాం. అమ్మగారి రాగం నేనే లోపల అనుకున్నానండి, చివరిదాకా. అయిపోయిన చోట తిప్పమన్నాను. సరిగ్గా అదే మలుపండి, బాబూ. గుండేస్తే నల్ల బురద."

"తర్వాత?" అని అడిగాను.

"తర్వాత రెండో సిలువండి. ముందంతా దిబ్బలండి," అన్నాడు. "వెనక్కి తిప్పేశాం."